గుడికి రంగులు కొట్టించే ముందు ఒకసారి పైకప్పు ఎక్కండి: విచారణ గుడి, కమ్యూనిటీ హాలు చూసుకోవడం ఎలా

మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే క్యాథలిక్ చర్చి పరిధి, పారిష్) పండుగ మే నెలలో. ఏప్రిల్ రాగానే ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు, ఉపదేశి గారు (జ్ఞానోపదేశం నేర్పే పెద్ద), ఆర్థిక సంఘంలో ఉన్న మేం ఐదుగురం సాక్రిస్టీలో (పూజ సామాన్లు ఉంచే గదిలో) కూర్చుంటాం, ఎవరో ఒకరు "ఈసారి గుడికి రంగులు కొట్టిద్దాం ఫాదర్" అంటారు, అందరూ తలలూపుతారు, చందాల పుస్తకం బయటికొస్తుంది. పండుగ రోజు గుడి ధగధగలాడుతుంది. జూలైలో రెండు గట్టి వానలు పడేసరికి బలిపీఠం వెనక గోడ మీద ఆ రంగు బొబ్బలు కట్టి రాలిపోతుంది.

నేను సంఘంలోకి వచ్చాక ఇది మూడుసార్లు జరిగింది. రోగం గోడకి లేదు, గోడ నెత్తిన పగిలిన వానగొట్టానికి ఉంది అన్న సంగతి మూడోసారి గానీ మా బుర్రకెక్కలేదు. గొట్టం మార్చడానికి అయిన ఖర్చు, మూడుసార్లు కొట్టించిన రంగుల ఖర్చులో పదో వంతు కూడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. గుణదల, ఫిరంగిపురం లాంటి పెద్ద క్షేత్రాల సంగతి వేరు, వాళ్ళకి చూసుకునే మనుషులుంటారు. మనలాంటి మామూలు విచారణలో మిషనరీల కాలంలో సున్నంతో కట్టిన పాత గుడి ఒకటి, తర్వాత ఎప్పుడో శ్లాబు వేసి కట్టిన హాలు ఒకటి, వెనక రేకుల వంటషెడ్డు ఒకటి ఉంటాయి. వాటికోసమే ఈ చిట్టా. మా పల్నాడు ప్రాంతం అలవాట్లు ఇందులో కనబడతాయి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి అడుగు: వానలో గొడుగేసుకుని తిరగండి

ఎండలో చూస్తే ఏ గుడైనా బాగానే ఉంటుంది. పెద్ద వాన పడుతున్నప్పుడు ఇద్దరు మనుషులు గొడుగులేసుకుని, సెల్‌ఫోను పట్టుకుని గుడి చుట్టూ ఒకసారి, లోపల ఒకసారి తిరగాలి. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి? పడ్డవి గోడకి దూరంగా పోతున్నాయా, గోడ పాదం దగ్గరే నిలబడుతున్నాయా? బురుజు, పైకప్పు కలిసే మూలలో లోపలివైపు తడి మరక ఉందా? హాలు శ్లాబు కింద చుక్క ఎక్కడ వేలాడుతోంది? కనబడిన ప్రతిచోటా ఫొటో తీసి, గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. వాన వెలిసాక ఆ చుక్క ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

వీధి కూడా చూడండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. పంచాయతీ వాళ్ళు సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు, రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇరవై ఏళ్ళకి గుడి ఆవరణ పల్లంలోకి దిగిపోతుంది. మాకు వీధి నీళ్ళు గేటులోంచి నేరుగా గ్రోటో (మరియమాత గుహ) దాకా వచ్చేవి. గేటు దగ్గర అడ్డంగా ఇనుప జాలీ వేసిన కాలవ ఒకటి తవ్వించి సైడు కాలవలో కలిపాక ఆ బాధ సగం తగ్గింది.

ఈ తిరుగుడులో చూసినవన్నీ ఒక లావుపాటి పుస్తకంలో రాయండి. ఎడమ పేజీలో ఏం పాడైంది, కుడి పేజీలో ఎప్పుడు, ఎవరు, ఎంతకి బాగుచేశారు. ఫాదర్‌లు బదిలీ అవుతుంటారు, సంఘాలు మారుతుంటాయి. ఫలానా మోటారు ఎప్పుడు కొన్నారు, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది అన్నది ఒక్క ఉపదేశి గారి జ్ఞాపకంలోనే ఉంటే ఆయన తర్వాత కష్టమే. మా సెప్టిక్ ట్యాంకు మూత కోసం రెండుచోట్ల గచ్చు పగలగొట్టాం. అదే పుస్తకం చివర గుడి ఆస్తుల పట్టిక కూడా పెట్టండి. గంట, స్వరూపాలు (విగ్రహాలు), పాత్రలు, హార్మోనియం, తేరు, కుర్చీలు అన్నీ ఫొటోలతో సహా ఉండాలి. శ్రీసభ చట్టం కూడా ఈ పట్టిక ఉండాలనే చెబుతుంది.

రెండో అడుగు: ఎవరిని అడగాలో తెలుసుకోండి

దీన్ని త్వరగా ముగిస్తాను గానీ దాటేయకండి. 1983 నాటి కానన్ లా (శ్రీసభ చట్టం) 537వ సూత్రం ప్రకారం ప్రతి విచారణకీ ఆర్థిక మండలి (మేం ఆర్థిక సంఘం అనేది ఇదే) ఉండి తీరాలి. ఉన్నట్టు కాగితం మీద రాసి మూడు నెలలకోసారైనా కూర్చోకపోతే లేనట్టే. చిన్న మరమ్మతులు ఫాదర్ గారు, మండలి కలిసి చేసుకోవచ్చు. మామూలు నిర్వహణ పరిధి దాటిన పనులకి బిషప్పు గారి రాతపూర్వక అనుమతి ముందే కావాలి. ఆ పరిధి ఎంత అన్నది మేత్రాసనం (బిషప్పు గారి పాలనలోని డయోసిస్) చెబుతుంది, కార్యాలయంలో అడిగి ఆ కాగితం తెచ్చి పుస్తకంలో అంటించుకోండి. కొత్త గుడి కట్టాలన్నా బిషప్పు గారి రాతపూర్వక అంగీకారం ఉండాల్సిందే. ఇక ప్రభుత్వం వైపు, రంగులకీ పెంకులకీ ఎవరూ అడగరు గానీ గుడి పెంచడం, కొత్తది కట్టడం అంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీతో ఆగదు, ప్రార్థనాస్థలం కాబట్టి కలెక్టర్ ఆఫీసు దాకా వెళ్ళాల్సి రావచ్చు. పునాది తవ్వాక కాదు, ప్లాను గీయించే ముందే కనుక్కోండి. స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో కూడా ఆ చేత్తోనే చూసుకోండి.

మూడో అడుగు: పైకప్పు

వంద రూపాయలుంటే అరవై ఇక్కడ పెట్టండి. ఇది నా లెక్క, ఏ ఇంజనీరూ చెప్పింది కాదు.

పాత గుడి మీద మంగుళూరు పెంకులుంటే ఏటా వేసవిలో ఒకసారి విప్పి సర్దించుకోవాలి. మా వైపు పెంకులకి మొదటి శత్రువు వాన కాదు, కోతి. పగిలినవి, జరిగినవి, కొప్పు పెంకుల మధ్య రాలిపోయిన గచ్చు, ఇవి మూడూ చూడాలి. పెంకుల కొలతలు కంపెనీకీ కంపెనీకీ తేడా, కొత్తది పాతదాని గాడిలో కూర్చోదు. అందుకని ఊళ్ళో ఎవరైనా పెంకుటిల్లు పడగొడుతుంటే అదే మార్కు పెంకులు రెండు వందలు కొని గుడి వెనక పేర్చి పెట్టుకోండి. పనివాళ్ళు నేరుగా పెంకుల మీద నడవకూడదు, నిచ్చెన పడుకోబెట్టి దాని మీద నడవాలి. లేకపోతే పది బాగుచేసి ఇరవై పగలగొట్టి దిగుతారు. పెంకులు విప్పినప్పుడే రీపర్లు, వాసాలు, దూలం చివరలు గోడలోకి దిగేచోట మేకుతో పొడిచి చూడండి. మేకు సులువుగా దిగితే అక్కడ కర్ర పుచ్చినట్టే.

"ఈ పెంకుల గోల ఎందుకు, తీసేసి రేకులు కొట్టేద్దాం" అనేవాళ్ళు ప్రతి విచారణలోనూ ఉంటారు. వద్దు. రేకుల కింద మే నెలలో పూజ అంటే కొలిమిలో కూర్చున్నట్టే, వాన పడితే ఫాదర్ గారి ప్రసంగం ఒక్క ముక్క వినబడదు. అది కొందరికి సంతోషమే అనుకోండి. వంటషెడ్డుకి రేకులు తప్పకపోతే కొక్కేల బోల్టులు ఏటా సెప్టెంబరులో బిగించాలి, ముఖ్యంగా అంచుల దగ్గర. గాలి రేకుని అంచు నుంచే లేపుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకిన నాటి దృశ్యాలు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కోస్తాలో ఉన్నవాళ్ళయితే తుప్పు పట్టిన బోల్టు బిగించి ఊరుకోకుండా మార్చేయాలి.

హాలు శ్లాబు సంగతి వేరు. వాటర్‌ప్రూఫింగ్ డబ్బా కొని బ్రష్షుతో పూసేస్తే అయిపోతుందనుకుంటాం. ముందు చూడాల్సింది వాలు. పది అడుగులకి అంగుళం పైచిలుకు వాలు ఉండి నీళ్ళన్నీ గొట్టం నోటి దగ్గరికి రావాలి. బకెట్టు నీళ్ళు పోసి చూస్తే ఎటు పోతున్నాయో తెలిసిపోతుంది. రెండోది గొట్టాల సంఖ్య. గంటకి 100 మి.మీ. జోరున వాన కురిస్తే 4 అంగుళాల గొట్టం ఒకటి దాదాపు 450 చదరపు అడుగుల నీళ్ళే లాగగలదు. మా హాలు శ్లాబు 2,400 చదరపు అడుగులు, గొట్టాలు రెండు! ఆరు ఉండాల్సినచోట రెండుంటే నీళ్ళు పిట్టగోడ లోపల చెరువు కట్టక ఏం చేస్తాయి. గొట్టాలు పెంచి, వాలు సరిచేసి, పగుళ్ళు నింపి, ఆ తర్వాత కోటింగు. తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేస్తే లోపల వేడి కూడా తగ్గుతుంది.

శ్లాబు అడుగున పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు కనబడుతున్నాయా? సుత్తితో మెల్లగా కొడుతూ వెళ్ళండి, డొల్లగా మోగిన చోటల్లా కాంక్రీటు వదిలేసినట్టు. వదులైనదంతా రాల్చి, తుప్పు ఇనుప బ్రష్షుతో గీకి, తుప్పు నిరోధక పూత వేసి, అప్పుడు ఆ పనికి దొరికే పాలిమర్ మోర్టారుతో నింపాలి. ఉత్తి సిమెంటుతో పూసేస్తే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, రెండేళ్ళలో మళ్ళీ పెచ్చు ఊడి ఎవరి నెత్తినో పడుతుంది. చువ్వ బాగా సన్నబడి కనిపిస్తే మేస్త్రిని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి, ఆయన వచ్చేదాకా ఆ భాగం కింద కుర్చీలు వేయకండి.

బురుజు మీద, పిట్టగోడ పగుళ్ళలో మొలిచే రావి మొక్కని పట్టుకుని పీకకండి. వేరుతో పాటు రాయి కూడా వస్తుంది. కాండం మొదట్లో కోసి, కోసిన వెంటనే ఆ గాయం మీద గడ్డిమందు పూసి, వేరు చచ్చాక పగులు సున్నంతో నింపాలి. చిటికెనవేలంత ఉన్నప్పుడే చూస్తే అరగంట పని.

నాలుగో అడుగు: గోడలు, చెమ్మ

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. పన్నెండేళ్ళ క్రితం గుడి గోడలకి లోపల, బయట పాత సున్నం గిలాబు గీకేసి సిమెంటు గిలాబు చేయించాం, దాని మీద లప్పం, దాని మీద ఎమల్షన్. బలంగా ఉంటుందని అందరం చప్పట్లు కొట్టాం. రెండేళ్ళు తిరక్కుండా నేల నుంచి నాలుగడుగుల దాకా ఉప్పు పొంగి తెల్లటి బూజులా పేరుకుంది. తర్వాత అక్కడ టైల్స్ వేశాం, కనబడకుండా ఉంటుందని. చెమ్మ ఊరుకోలేదు, టైల్స్ దాటి పైకెక్కి అక్కడ బయటపడింది. ఆఖరికి మాచర్ల వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రిని తీసుకొస్తే ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "సున్నం గోడకి సిమెంటు తొడగడమంటే మే నెలలో రెయిన్‌కోటు వేసుకోవడమేనండి, చెమటంతా లోపలే" అన్నాడు.

విషయం అదే. రాయి, సున్నం కలిపి కట్టిన గోడ నేలలోంచి కాస్త తడి ఎలాగూ పీల్చుకుంటుంది. సున్నం గిలాబు ఆ తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. సరిచేయాలంటే మొదట బయట గోడ పాదం చూడండి. ఏళ్ళ తరబడి మట్టి పోసి, బండలు పరిచి నేలమట్టం గుడి లోపలి గచ్చు కన్నా పైకి తెచ్చేసి ఉంటారు. ఆ మట్టి తీయించి, గోడకి ఆనుకుని మూడడుగుల వెడల్పున బయటికి వాలు ఉండేలా రాయి పరిచి, దాని పక్కన చిన్న కాలవ వేయించండి. పూలకుండీలు, తీగలు, కుళాయిలు గోడకి దూరంగా జరపండి. సిస్టర్లు బాధపడతారు, అయినా జరపండి. తర్వాత చెమ్మ గీత కన్నా మూడడుగుల పైదాకా సిమెంటు గిలాబు చెక్కేసి ఒక ఎండాకాలం మొత్తం అలా వదిలేయాలి. వికారంగా ఉంటుంది, పండుగకి చుట్టాలొచ్చి "ఇదేంటి గుడి ఇలా పెట్టారు" అంటారు, ఓర్చుకోండి. తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయాలి. నీళ్ళతో కడిగితే మళ్ళీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర మూడు పాళ్ళు కలిపి పలచటి పొరలుగా గిలాబు, ఒక్కో పొర ఆరడానికి సమయం ఇవ్వాలి, రోజూ కాస్త తడపాలి. పైన మూడు చేతులు వెల్ల. రంగు కావాలంటే వెల్లలోనే రంగుపొడి కలుపుకోవచ్చు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రిలు తగ్గిపోయారు, ఒకరు దొరికితే మీ ఊరి కుర్రాళ్ళని ఇద్దరిని ఆయన దగ్గర పెట్టండి.

హాలు ఇటుక, సిమెంటుతోనే కట్టింది కాబట్టి దానికి ఈ బాధ లేదు, అక్కడ మామూలు పద్ధతులే చాలు.

ఐదో అడుగు: చెదలు, కర్ర

పాపసంకీర్తన పీటం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే చోటు) వెనక, బీరువాల కింద, పాత బలిపీఠం చెక్కపని లోపల, ఎవరూ కదపని చోట్లే చెదలుంటాయి. ఏడాదికి రెండుసార్లు అన్నీ గోడ నుంచి జరిపి చూడాలి. మట్టి గీతలు కనబడితే దులిపేసి ఊరుకోవద్దు, అవి రాత్రికి రాత్రి మళ్ళీ కట్టుకుంటాయి. గోడ, గచ్చు కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, మందు పోసి, మూసేయడం పద్ధతి. అది చేయడానికి లైసెన్సు ఉన్నవాళ్ళనే పిలవండి, మన పిల్లలు నేల మీద చాపలేసుకుని కూర్చునే చోటు కదా. మందు కొట్టే ముందు ఫాదర్ గారికి చెప్పి దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో ఆశీర్వదించి గుడిలో భద్రపరిచిన అప్పాన్ని) వేరే చోటికి మార్పించాలి. దుమ్ము లేచే ఏ పనికైనా ఇదే నియమం.

ఆరో అడుగు: కరెంటు, పిడుగు, గంట

మా గుడి వైరింగు ఎవరు ఎప్పుడు చేశారో ఎవరికీ తెలియదు. పండుగకో లైను, క్రిస్మస్‌కో లైను లాగుతూ లాగుతూ స్విచ్‌బోర్డు వెనక పిచ్చుకగూడు తయారైంది. కొత్తగా చేయించేటప్పుడు గుడికి, హాలుకి, ఫాదర్ గారి బంగళాకి వేరు వేరు మెయిన్లు పెట్టించండి, ప్రతిదానికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. మనిషికి షాకు తగలబోతే అదే టప్పున కరెంటు తీసేస్తుంది. బయట సీరియల్ సెట్లకి, తేరు లైట్లకి విడిగా ఒక పాయింటు ఇచ్చి దాన్ని కూడా ఆ రక్షణలోకే తేవాలి. తేరు వీధుల్లో తిరిగేటప్పుడు పైన కరెంటు తీగల ఎత్తు ముందురోజే కర్రతో కాకుండా కంటితో చూసుకుని, లైన్‌మన్‌కి చెప్పి ఆ గంటసేపు సప్లై ఆపించండి.

పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. ముప్పై ఫ్యాన్లుంటే 2,250 వాట్లు పోయి 900కి దిగుతుంది. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, కాలిపోయినవి కాలిపోయినట్టు మార్చుకుంటూ పోతే చాలు. రెక్కల మీద దాత పేరు మాత్రం మళ్ళీ రాయించండి, లేకపోతే గొడవ. కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉందో కూడా బిల్లు తీసి చూడండి. ప్రార్థనాస్థలాలకి వేరే రేటు ఉంటుంది, అద్దెకిచ్చే హాలు అదే మీటరు మీద ఉంటే తర్వాత పెనాల్టీ తంటా.

పిడుగు రాడ్డు బురుజు మీద ఉంటుంది, దాని నుంచి కిందికి రావాల్సిన రాగి పట్టీ చాలాచోట్ల ఉండదు. దొంగలెత్తుకుపోతారు. పట్టీ తెగిన రాడ్డు ఉండటం కన్నా లేకపోవడం మేలు. రాగి ఆగదనుకుంటే జీఐ పట్టీ వేయించండి, భూమిలో గుంత దగ్గర ఎర్తింగు 10 ఓమ్‌ల లోపు ఉందా అని ఏటా కొలిపించండి, ఎండాకాలం ఆ గుంతలో నీళ్ళు పోయండి.

గంట విషయంలో బోల్టులు, గంట వేలాడే దూలం, నాలుక తగులుకునే కొక్కెం చూస్తే చాలు. తాడు మూడేళ్ళకోసారి మార్చాలి. బురుజులో తేనెపట్టు ఉంటే పొగ పెట్టి వీరత్వం చూపించకండి, పట్టు తీసేవాళ్ళని సాయంత్రం పూట పిలవండి, మర్నాడు పొద్దున పూజ లేని రోజు చూసుకుని.

మైకుల గురించి ఒక్క మాట. గుడిలో మాట స్పష్టంగా లేకపోతే ఇంకా పెద్ద బాక్సులు కొంటాం, గోల ఇంకా పెరుగుతుంది. ఎత్తయిన పైకప్పు, గట్టి గోడలు ఉన్నచోట శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది. ముందు రెండు పెద్దవి పెట్టేకన్నా పక్క గోడల పొడవునా సన్నటి కాలమ్ స్పీకర్లు ఆరు, జనం వైపు కాస్త వంచి, తక్కువ సౌండుతో పెడితే ముసలివాళ్ళకి కూడా సువిశేష పఠనం వినబడుతుంది. బయట మైకులు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పెట్టకూడదన్నది చట్టం, క్రిస్మస్ రాత్రికి అనుమతి ముందే తీసుకోవాలి. క్రిస్మస్ పశువుల పాకలో వరిగడ్డి మీద సీరియల్ లైట్లు పరిచేవాళ్ళకి ఏం చెప్పను, పక్కన ఒక అగ్నిమాపక సిలిండరు పెట్టండి, దాని గడువు తేదీ కూడా చూడండి.

ఏడో అడుగు: బలిపీఠం, స్వరూపాలు

ఉత్సాహం ఎక్కువై పాడుచేసేది ఇక్కడే. పాత మరియమాత స్వరూపానికి పండుగ పండుగకీ ఎనామిల్ రంగు వేసీ వేసీ ముఖం మీద కనుబొమలు ఎక్కడున్నాయో తెలియకుండా పోతుంది. దుమ్ముకి మెత్తని పొడి బ్రష్షు చాలు. భక్తులు కొలిచే పాత, విలువైన స్వరూపాన్ని బాగుచేయించాలంటే మేత్రాసన అధికారి రాతపూర్వక అనుమతి కావాలని కానన్ లా 1189 చెబుతుంది, ఆయన ఆ పని తెలిసిన నిపుణుల్ని అడిగాకే ఇవ్వాలని కూడా ఉంది. పాత బలిపీఠం కదపాలన్నా ముందు ఫాదర్ గారితో మాట్లాడండి, లోపల పునీతుల అవశేషాలుండే అవకాశం ఉంది. నేలకి నున్నటి గ్రానైట్ వేయాలని దాతలు ముందుకొస్తారు. మనం చెప్పులు విప్పి, తడి కాళ్ళతో, చీరల్లో, పిల్లల్ని ఎత్తుకుని నడుస్తాం. దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి వెళ్ళే దారిలో మా పెద్దమ్మ జారి తుంటి విరగ్గొట్టుకుంది, అప్పటి నుంచి నేను నాపరాయి పార్టీ. పక్క తలుపు దగ్గర ర్యాంపు ఒకటి, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవున, చేతికి పట్టుకునే కడ్డీతో కట్టించండి.

పైన ఉండే పాత గవాక్షాలు మూసేసి అద్దాలు బిగించకండి. వేడి గాలి బయటికి పోవడానికే వాటిని అంత ఎత్తున పెట్టారు. పావురాల బెడద ఉంటే వల కట్టండి.

ఎనిమిదో అడుగు: హాలు

హాలుని జనం గుర్తుపెట్టుకునేది రెండింటికి: మరుగుదొడ్లు, భోజనాల దగ్గర నీళ్ళు. పెళ్ళికి నాలుగు వందల మంది వస్తే ఆడవాళ్ళకి రెండు దొడ్లు ఎలా సరిపోతాయి? హాలుకి కొత్త ఎలివేషన్ కట్టించే డబ్బుతో ముందు ఆడవాళ్ళ వైపు ఇంకో నాలుగు కట్టండి, ఒకటి వెస్ట్రన్, తలుపు లోపల గడియ పనిచేసేలా. సెప్టిక్ ట్యాంకు మూడేళ్ళకోసారి మిషనుతో లాగించాలి, మనిషిని లోపలికి దించడం నేరం, ప్రాణాంతకం కూడా. నీళ్ళ ట్యాంకు ఆర్నెల్లకోసారి కడిగించి తేదీ దాని మీదే పెయింటుతో రాయించండి. వంటషెడ్డులో గ్యాస్ సిలిండర్లు బయట నిలబెట్టి గొట్టంతో లోపలికి తేవాలి. హాలు తలుపులు రెండూ బయటికి తెరుచుకోవాలి, ఫంక్షన్ జరుగుతున్నంతసేపూ తాళం ఉండకూడదు, మంచాలూ బల్లలూ అడ్డం పెట్టకూడదు.

అద్దె విషయంలో మొహమాటం వద్దు. విచారణవాళ్ళకి ఒక రేటు, బయటివాళ్ళకి ఒక రేటు, శుభ్రం చేసే డబ్బు విడిగా, డిపాజిట్టు విడిగా, గోడకి మేకు కొడితే డిపాజిట్టులో కోత. ఇవన్నీ బోర్డు మీద రాసి హాలు ముందు పెట్టాం, "మన బామ్మర్దే కదా ఫాదర్" అనే మాట ఆగిపోయింది. గుడి ఆవరణలోని కమ్యూనిటీ హాలు అద్దె రోజుకి పది వేల లోపుంటే, సంస్థ ఆదాయపన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదై ఉంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. మీకు వర్తిస్తుందో లేదో మేత్రాసన ఆడిటర్ని అడగండి.

తొమ్మిదో అడుగు: డబ్బు

ఏ పనికైనా మూడు కొటేషన్లు, ముగ్గురికీ ఒకే పని పట్టిక ఇచ్చి. లేకపోతే ఒకడు రెండు కోట్లకి, ఇంకొకడు మూడు కోట్లకి చెబుతాడు (పెయింటు కోట్లండీ), మనం తక్కువ అంకె చూసి సంతకం పెడతాం. పదో వంతు డబ్బు ఒక వానాకాలం దాటేదాకా ఆపుకోండి. వాటర్‌ప్రూఫింగుకి అసలు పరీక్ష అదే. ఎత్తు పనికి పరంజా, నడుముకి బెల్టు ఉన్న కాంట్రాక్టరుకే ఇవ్వండి, కూలీలకి ప్రమాద బీమా ఉందో లేదో అడగండి.

దాతల దగ్గర ఒక చిక్కుంది. స్వాగత తోరణానికి, గంటకి, స్వరూపానికి అడిగితే నిమిషంలో ఇస్తారు. వానగొట్టానికి ఎవరిస్తారు? మేం ఒక పని చేశాం. పని పట్టికని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో గొట్టం, ఒక్కో మరుగుదొడ్డి, నూరేసి పెంకులు, ఖరీదు వేసి నోటీసు బోర్డు మీద పెట్టాం, తీసుకున్నవాళ్ళ పేరు పక్కన రాశాం. ఆరు గొట్టాలూ మూడు ఆదివారాల్లో అయిపోయాయి. ఒకాయన గొట్టం మీద వాళ్ళ నాన్న పేరు రాయించుకున్నాడు, ఎందుకు కూడదు? కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఫలానా పనికని ఇచ్చిన కానుక ఆ పనికే వాడాలి, అది కానన్ లాలోనే ఉంది. గంటకి ఇచ్చిన డబ్బు పెంకులకి మళ్ళించాలంటే దాతని, మేత్రాసన అధికారిని అడగాలి. జమాఖర్చులు మూడు నెలలకోసారి పూజ తర్వాత చదివి, బోర్డు మీద అంటించండి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల డబ్బు విషయంలో జాగ్రత్త. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఓసీఐ (ప్రవాస భారతీయ పౌరుల) కార్డు ఉన్నా చట్టం లెక్కలో విదేశీయులే. వాళ్ళ డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఉండే ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి వీల్లేదు. మేత్రాసనాన్ని అడక్కుండా "అన్నా, నా అకౌంటుకి కొట్టు, నేను ఫాదర్ గారికిస్తా" అనే పని మాత్రం పెట్టుకోకండి.

ఏడాదిలో ఏది ఎప్పుడు

పూజాకాలాన్ని పట్టుకుంటే గుర్తుంటుంది. జనవరిలో క్రిస్మస్ వైర్లు విప్పేటప్పుడే కరెంటు తనిఖీ. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో సగం ఊరు గుణదల మాత ఉత్సవాల్లో ఉంటుంది, ఆ వారం ఏ పనీ పెట్టుకోవద్దు. తపస్సుకాలంలో (ఈస్టరుకి ముందు ఉపవాస రోజుల్లో) పూలూ అలంకరణలూ ఉండవు కాబట్టి లోపల దుమ్ము పనులు, చెదల మందు, బీరువాలు జరపడం అప్పుడు. పాస్కా (ఈస్టరు) అయ్యాక మే చివరి దాకా పెంకులు, శ్లాబు, గొట్టాలు, గోడలు. జూన్ మొదటి వారంలో వానగొట్టాల నోళ్ళు శుభ్రం, మొదటి పెద్ద వానకి గొడుగు తిరుగుడు. సెప్టెంబరులో రేకుల బోల్టులు, చెట్ల కొమ్మలు. నవంబర్ 2 సకల ఆత్మల పండుగకి ముందు సమాధుల తోటలో గడ్డి, ప్రహరీ, వెల్ల. ఆగమనకాలంలో (క్రిస్మస్‌కి ముందు వారాల్లో) అగ్నిమాపక సిలిండర్లు, సీరియల్ సెట్లు, మైకు అనుమతి.

రంగులా? గోడలో చెమ్మ లేదని రెండు వానాకాలాలు గొడుగేసుకుని చూశాక. మాకు మొన్నటి వానలతో ఒకటి అయింది, ఇంకోటి ఉంది. ఏప్రిల్‌లో మళ్ళీ ఎవరో లేచి అడుగుతారు, పుస్తకం తెరిచి చూపిస్తాను.